ఓటు అడిగిన హైదరాబాదీ

జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం కదా. ఆ రోజుకి కాలేజీ వెనక కాంపౌండు గోడ మీద పెద్ద బొమ్మ ఒకటి వేద్దామని మన క్లబ్బులో అనుకున్నాం. ఆడవాళ్లకు ఓటు ఎలా వచ్చింది అనేది టాపిక్. గోడకు అవతల ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టలు, ఇవతల మన సైకిల్ స్టాండు. ఏ రంగు వేసినా పది రోజుల్లో బొగ్గు దుమ్ము పడుతుందని అందరికీ తెలుసు. అయినా వేద్దామనే అనుకున్నాం.

బొమ్మలు వెతకమంటే మనోళ్లు ఫోన్లలో ఒకటే రకం ఫొటోలు తీసుకొచ్చారు. పెద్ద పెద్ద టోపీలు పెట్టుకొని, అట్టలు పట్టుకొని లండన్ వీధుల్లో నడుస్తున్న తెల్ల ఆడవాళ్లు. బాగానే ఉన్నాయి. కానీ గోదావరిఖని గోడ మీద అవి ఎందుకు? మన దగ్గర ఎవరూ అడగలేదా? మనకు ఓటు ఊరికే వచ్చి పడిందా? ఈ ప్రశ్న పట్టుకొని లైబ్రరీలో కూర్చుంటే చివరికి దొరికిన మనిషి మనందరికీ తెలిసినావిడే. పోటీ పరీక్షల బిట్లలో భారత కోకిల ఎవరు అంటే టక్కున టిక్కు పెట్టే పేరు. సరోజినీ నాయుడు. ఆ ఒక్క బిట్టు దాటి ఆమె గురించి నాకు ఏమీ తెలియదని అప్పుడే తెలిసింది. అందుకే ఇది రాస్తున్నా.

మన రైలు పట్టాల దగ్గర మొదలు

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాద్‌లో పుట్టింది. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాలీ. ఎడింబరోలో సైన్సులో డాక్టరేట్ చేసి వచ్చి హైదరాబాద్‌లో కాలేజీ పెట్టాడు. తర్వాత నిజాం కాలేజీగా మారింది అదే. తల్లి వరదసుందరి బెంగాలీలో పాటలు, కవితలు రాసేది. ఎనిమిది మంది పిల్లల్లో సరోజిని పెద్దది.

ఆ పిల్లకు నాలుగేళ్లప్పుడు ఇంట్లో ఒక సంఘటన జరిగింది. అది మన బొగ్గు ప్రాంతంతో ముడిపడిన సంగతి. 1883లో నిజాం ప్రభుత్వం చాందా రైల్వే స్కీము తెచ్చింది. హైదరాబాద్ నుంచి వరంగల్ వైపు రైలు, అక్కడి నుంచి ఒక దారి బెజవాడకు, ఇంకో దారి చాందాకు. చాందా అంటే ఇప్పటి చంద్రాపూర్. జనం సొమ్ముతో ఇంత పెద్ద పని చేస్తున్నప్పుడు లెక్కలు, షరతులు జనం ముందు పెట్టాలి కదా అని అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటి కొందరు కమిటీగా ఏర్పడి అడిగారు. జవాబుగా ప్రభుత్వం ఆయన ఉద్యోగం తీసేసి, ఊరు వదిలి పొమ్మంది. కొన్నేళ్లకు గానీ మళ్లీ రానివ్వలేదు. మనం ఇంటికి పోవడానికి రామగుండం స్టేషన్లో ఎక్కే కాజీపేట, బల్లార్షా లైను ఆ పాత ఆలోచనకు కొనసాగింపే. అది పూర్తయ్యేసరికి 1920ల చివరికి వచ్చింది. మా ఊరి మీదుగా ఏం పోతుందో మాకు చెప్పండి అని అడిగినందుకు ఊరు విడిచిన మనిషి ఇంట్లో పెరిగిన పిల్ల పెద్దయ్యాక ఓటు అడిగింది. నాకైతే ఇందులో ఆశ్చర్యం కనిపించలేదు.

ఆల్జీబ్రా రాక కవిత్వం వచ్చింది

ఇది మనవాళ్లకు నచ్చే ముక్క. కూతురు గణితంలోనో సైన్సులోనో పెద్దది కావాలని అఘోరనాథ్ ఆశ. పదకొండేళ్లప్పుడు సరోజిని ఒక ఆల్జీబ్రా లెక్క ముందు కూర్చొని తల పట్టుకుంది. ఎంతకీ తెగలేదు. లెక్క తెగలేదు గానీ మొత్తం ఒక పద్యం తట్టింది. నోటు పుస్తకంలో అదే రాసుకుంది. సెమిస్టర్ పరీక్షల ముందు రోజు కవిత్వం పుట్టే మన హాస్టల్ కవులందరికీ ఆమే కులదేవత.

ఇంకో సంగతి. తొమ్మిదేళ్ల దాకా ఆ పిల్ల ఇంగ్లిష్ మాట్లాడనని మొండికేసింది. తండ్రి ఒక రోజంతా గదిలో పెట్టి తాళం వేశాడు. బయటికి వచ్చాక నాన్నతో ఇంగ్లిష్ తప్ప మాట్లాడలేదు. అమ్మ మాత్రం హిందుస్తానీలోనే పలకరించేది. పన్నెండేళ్లకు మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసై పేరు తెచ్చుకుంది. 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లింది. లండన్ కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జిలో గిర్టన్. అక్కడ ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు ఆమె పద్యాలు చదివి, ఇంగ్లండ్ పిట్టల మీద నువ్వు రాయడమెందుకు, మీ ఊరి వీధులు, మీ పండ్లు, మీ మనుషుల గురించి రాయమని చెప్పాడు. ఆ మాట ఆమెకు ఎక్కింది. తర్వాతి పద్యాల్లో పల్లకీ మోసేవాళ్లు, గాజులమ్మేవాళ్లు, హైదరాబాద్ బజార్లు వచ్చాయి. మొదటి పుస్తకం గోల్డెన్ థ్రెషోల్డ్ 1905లో వచ్చింది. నాంపల్లిలో వాళ్లింటికీ అదే పేరు.

ఆమె ఇంటిపేరులో నాయుడు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. ఇంగ్లండ్ పోకముందే డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు మీద మనసు పడింది. ఆయన తెలుగువాడు, నిజాం సర్కారులో వైద్యుడు, వయసులో దాదాపు పదేళ్లు పెద్ద, కులం వేరు. 1898లో తిరిగి వచ్చి, ఆ డిసెంబరులో మద్రాసులో సివిల్ మ్యారేజ్ చేసుకుంది. దగ్గరుండి జరిపించింది కందుకూరి వీరేశలింగం. అంటే పుట్టుకతో బెంగాలీ, పెరిగిన ఊరితో హైదరాబాదీ, పెళ్లితో తెలుగింటి కోడలు. నలుగురు పిల్లలు. జయసూర్య, పద్మజ, రణధీర్, లీలామణి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేల మంది పోయారు. ఇంట్లో కూర్చొని పద్యాలు రాసుకునే అవకాశమున్న ఇల్లాలు సహాయ పనుల్లోకి దిగింది. ఆ సేవకు బ్రిటిష్ ప్రభుత్వం కైసర్ ఎ హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలా బాగ్ కాల్పుల తర్వాత దాన్ని తిరిగిచ్చేసింది.

1917, మద్రాసు

మన గోడ మీద మధ్యలో రావాల్సింది ఈ దృశ్యమే.

1917 చివర్లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు లండన్ నుంచి వచ్చాడు. ఇండియాకు ఏ సంస్కరణలు ఇవ్వాలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌తో కలిసి ఊరూరా తిరిగి వినతులు తీసుకుంటున్నాడు. అదే ఏడాది మద్రాసు అడయార్‌లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలైంది. అందులో మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ ఆవిడ ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతామని అపాయింట్‌మెంట్ అడిగింది. రాజకీయ విషయాలైతేనే కలుస్తామని జవాబు వచ్చింది. సరే, అలాగే కానివ్వండని వాళ్లు అర్జీలో ఓటు హక్కును చేర్చారు. ఒక ఆఫీసు నిబంధన వల్ల ఇంత పెద్ద కోరిక కాగితం మీదికి ఎక్కిందన్నమాట.

డిసెంబరులో మద్రాసులో ఆ మహిళా బృందం మంత్రిని కలిసింది. ముందు నిలబడింది సరోజిని. వాళ్లు అడిగిన దాని సారం ఒక్కటే. కొత్త చట్టంలో ప్రజలు అని రాసే చోట ఆడవాళ్లు కూడా ఉండాలి. మగవాళ్లకు ఏ అర్హతలు పెడితే మాకూ అవే పెట్టండి, ఆడవాళ్లన్న కారణంతో తీసెయ్యకండి. అప్పటికి ఇంగ్లండ్‌లోనే ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు లేదు. మరుసటి ఏడు 1918లో వచ్చింది, అది కూడా ముప్ఫై ఏళ్లు దాటి, ఆస్తి అర్హత ఉన్నవాళ్లకే.

1918లో బొంబాయి కాంగ్రెస్ ప్రత్యేక సమావేశంలో ఆడవాళ్ల ఓటు తీర్మానం సరోజినే పెట్టింది. మగవాళ్లలో కొందరికి అనుమానాలు. ఇల్లు ఎవరు చూస్తారు, ఆడతనం పోదా అని. ఓటు వేసినంత మాత్రాన మగవాళ్ల మగతనం పోలేదు కదా, మా ఆడతనం ఎందుకు పోతుంది అన్న ధోరణిలో ఆమె నవ్వుతూనే సమాధానం చెప్పింది. తీర్మానం నెగ్గింది. అయినా ఓటర్ల అర్హతలు తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఇండియా సమాజం దీనికి సిద్ధంగా లేదని కొట్టేసింది. 1919లో సరోజిని లండన్ పోయి పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు సాక్ష్యం ఇచ్చింది. బొంబాయి నుంచి హేరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ కూడా వెళ్లి వాదించారు. చివరికి 1919 చట్టం తెలివిగా తప్పించుకుంది. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా వద్దా అనేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం శాసనమండలి తేల్చుకోవచ్చని వదిలేసింది.

1921లో మద్రాసు ముందుగా ఒప్పుకుంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో కోస్తా, రాయలసీమ జిల్లాలున్నాయి కాబట్టి తెలుగు ఆడవాళ్లలో మొదట ఓటు వేసే హక్కు వచ్చింది అక్కడివాళ్లకే. బొంబాయి కూడా అదే ఏడాది ఒప్పుకుంది. ఆ తర్వాత ఒక్కొక్క రాష్ట్రం.

ఎవరికి రాలేదు?

ఇక్కడిదాకా చదివి నాకు గర్వమనిపించింది. తర్వాత రెండు విషయాలు అడ్డొచ్చాయి.

మొదటిది. మగవాళ్లతో సమానమైన అర్హతలు అంటే అప్పట్లో ఆస్తి, పన్ను రసీదు. పొలం, ఇల్లు తన పేరు మీద ఉన్న ఆడవాళ్లు ఎంతమంది? నూటికి ఒక్కరు కూడా ఓటరు జాబితాకి ఎక్కలేదు. ఆ రోజుల్లో దేశంలోని బొగ్గు గనుల్లో ఆడవాళ్లు కూడా దిగి తట్టలు మోసేవాళ్లు. వాళ్ల పేరు మీద తట్ట కూడా లేదు, ఓటు ఎక్కడిది? 1917లో బృందంగా వెళ్లినవాళ్లంతా చదువుకున్న కుటుంబాల వాళ్లు. ఈ మాట దాచిపెట్టి బొమ్మ గీస్తే అబద్ధమవుతుంది.

రెండోది ఇంకా చిత్రం. నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించదు. అంటే మద్రాసు, బొంబాయి ఆడవాళ్లకు ఓటు అడిగిపెట్టిన మనిషి పుట్టిన ఊళ్లో ఆడవాళ్లకు ఓటు లేదు. అప్పుడు మన రామగుండం కరీంనగర్ జిల్లాలో నిజాం కింద ఉంది. ఇక్కడివాళ్లందరికీ ఓటు రావాలంటే ఇంకో ముప్ఫై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆమె మాత్రం ఆగలేదు. 1925లో కాన్పూరు కాంగ్రెస్‌కు అధ్యక్షురాలైంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయ మహిళ. మరుసటి ఏడు ఆమె తమ్ముడు హరీంద్రనాథ్ భార్య కమలాదేవి మద్రాసు శాసనమండలికి నిలబడి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. 1930లో ఉప్పు సత్యాగ్రహ యాత్రకు గాంధీ తన వెంట ఆడవాళ్లను తీసుకుపోలేదు. కానీ ఆయన, అబ్బాస్ త్యాబ్జీ అరెస్టయ్యాక ధారాసన ఉప్పు డిపో మీదికి మే 21న దళాన్ని నడిపించే బాధ్యత సరోజిని మీదే పడింది. వాలంటీర్లు వరుసలు వరుసలుగా లాఠీ దెబ్బలు తిన్నారు, ఎవరూ చెయ్యెత్తలేదు. ఆమెను జైల్లో పెట్టారు.

1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లినప్పుడు ఆమె కోరిక మారింది. ఇప్పుడు ఆస్తి లేదు, రసీదు లేదు, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు. అదే ఏడాది మహిళా సంఘాలు కలిసి ఇచ్చిన వినతిపత్రం కూడా ఇదే అడిగింది. 1917లో అడిగినదానికీ దీనికీ ఉన్న దూరమే ఆమె పద్నాలుగేళ్ల ప్రయాణం అనిపించింది నాకు.

ఒక విషయంలో ఆమెతో నాకు పేచీ ఉంది. ఆడవాళ్లకు చట్టసభల్లో రిజర్వుడు సీట్లు వద్దంది. అది దయ చూపించినట్టు, తక్కువ చేసినట్టు అవుతుందని ఆమె నమ్మకం. తనను ఫెమినిస్టు అన్నా ఒప్పుకునేది కాదు. మరి సమాన ఓటు వచ్చాక ఏమైంది? మొదటి లోక్‌సభలో ఆడవాళ్లు నూటికి అయిదుగురు కూడా లేరు. మూడో వంతు సీట్ల చట్టం రావడానికి 2023 దాకా పట్టింది, అదీ జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు. మన దగ్గర సగం మంది సర్పంచులు ఆడవాళ్లే అయ్యారంటే రిజర్వేషన్ వల్లే. కొన్ని చోట్ల కుర్చీ భార్యది, మాట భర్తది అన్న సంగతీ మనకు తెలుసు. ఆ రోజుల్లో అంతటి మనిషికి ఎదురు లేకపోవచ్చు. మనం మాత్రం ఒప్పుకోవాల్సిన పని లేదు.

చూడకుండా పోయిన ఎన్నిక

1942 క్విట్ ఇండియాలో మళ్లీ అరెస్టు. ఆగాఖాన్ ప్యాలెస్‌లో గాంధీ, కస్తూర్బాలతో పాటు నిర్బంధం. ఆరోగ్యం అప్పటికే అంతంతమాత్రం. 1946లో బీహార్ నుంచి రాజ్యాంగ సభకు వెళ్లింది. మద్రాసు నుంచి వచ్చిన మన దుర్గాబాయి కూడా ఆ సభలోనే ఉంది. 1947 ఆగస్టు 15న సరోజిని సంయుక్త రాష్ట్రాలకు, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరైంది. దేశంలో మొదటి మహిళా గవర్నర్.

1949 మార్చి 2న లక్నోలో చనిపోయింది. రాజ్యాంగం ఆమోదం పొందింది అదే ఏడాది నవంబరు 26న. ఎనిమిది నెలల పైచిలుకు తేడా. ప్రతి వయోజనుడికీ ఓటు అని రాసిన 326వ అధికరణంతో పూర్తయిన పుస్తకాన్ని ఆమె చూడలేదు. సంతకాల పేజీలో ఆమె సంతకం లేదు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలు చూడలేదు.

ఆ ఎన్నికల్లో హైదరాబాద్ రాష్ట్రం మొదటిసారి క్యూలో నిలబడింది. ఆమె కొడుకు జయసూర్య పీడీఎఫ్ తరఫున మెదక్ నుంచి, తమ్ముడు హరీంద్రనాథ్ స్వతంత్రుడిగా విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆలేరులో ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడలో సంగెం లక్ష్మీబాయి అసెంబ్లీకి గెలిచారు. అప్పటికి మన గోదావరిఖని టౌను లేనే లేదు, ఇక్కడ గనులు తవ్వింది 1960లలో. అంటే ఈ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లకు బొగ్గు కంటే ఓటే ముందు వచ్చింది.

కానీ ఆ జాబితాలు తయారుచేసేటప్పుడు ఒక వింత ఎదురైంది. చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను, ఫలానావాడి తల్లిని అనే రాయించుకున్నారు. పేరు లేకుండా ఓటు కుదరదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టాడు. సరిచేసుకోవడానికి గడువిచ్చినా దాదాపు 28 లక్షల మంది పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లు. సరోజిని గవర్నర్‌గా పనిచేసి కన్నుమూసిన ఉత్తరప్రదేశ్ కూడా అందులో ఉంది. హక్కు చట్టంలోకి వచ్చింది, పేరు మాత్రం నోటి దాకా రాలేదు.

గోడ మీద ఏం వేద్దాం?

ఇది చదివిన రోజు సాయంత్రం మా నాయనమ్మ గుర్తొచ్చింది. తాత గనిలో సర్దార్‌గా పనిచేసేవాడు. అందుకని క్వార్టర్లలో అందరికీ ఆమె సర్దారమ్మే. చిన్నప్పుడు నేనూ అదే ఆమె పేరనుకున్నా. అసలు పేరు మొదటిసారి చూసింది ఆమె ఓటరు కార్డు మీద. ఓటేసే రోజు మాత్రం పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకొని, ఇంట్లో అందరికంటే ముందు బయల్దేరేది. ఎవరికి వేశావని అడిగితే తాతకు కూడా చెప్పేది కాదు. ఆ ఒక్కరోజు ఆ గదిలో ఆమెను పేరు పెట్టి పిలుస్తారు. ఎందుకంత తొందరో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

అందుకని నా ప్రతిపాదన ఇది. ఎడమవైపు రైలు పట్టాలు, ఊరు విడిచి పోతున్న తండ్రి, చెయ్యి పట్టుకున్న నాలుగేళ్ల పిల్ల. పక్కన ఆల్జీబ్రా పుస్తకం, దాని మీద పద్యం. మధ్యలో మద్రాసు, అర్జీ పట్టుకొని నిలబడ్డ సరోజిని. ఆమె వెనకాల, గేటు బయట, లోపలికి రానివ్వని తట్టల ఆడవాళ్లు. వాళ్లను తప్పకుండా వేయాలి. తర్వాత ధారాసన. చివరన కుడివైపు పెద్ద ఓటరు జాబితా, పేరు గడులు ఖాళీగా. ఆ గడులను మనం నింపొద్దు. మెస్‌లో వంట చేసే అక్కలు, ఊడ్చే ఆయమ్మలు, మనల్ని చూడ్డానికి వచ్చే అమ్మలు, అమ్మమ్మలు ఎవరి పేరు వాళ్లే, వాళ్ల చేతిరాతతో రాయాలి. ఇంటిపేరు అక్కర్లేదు, ఎవరి భార్యో అక్కర్లేదు. రాయడం రానివాళ్లుంటే వాళ్లు చెప్పింది మనం చుక్కలు పెట్టి ఇద్దాం, వాళ్లే కలుపుతారు.

సరోజిని ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ ఇప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీది. ఆ యూనివర్సిటీలో బొమ్మలు, నాటకాలు నేర్పే స్కూలుకు పెట్టింది కూడా ఆమె పేరే. మనది ఇంజనీరింగ్ కాలేజీ, పైగా గోడ సైకిల్ స్టాండు పక్కన. అయినా ఆమె ఏమీ అనుకోదు. లెక్క తెగనప్పుడే కదా ఆమెకు పద్యం తట్టింది.

శనివారం లాబ్ అయ్యాక గోడ రుద్ది ప్రైమర్ వేస్తున్నాం. పాత బట్టలు వేసుకొని రండి. 18 నిండి ఇంకా ఓటరుగా నమోదు కానివాళ్లు ఆధార్ కాపీ, ఫొటో కూడా తెచ్చుకోండి. ఫారం 6 అక్కడే నింపేద్దాం. మన క్లాసులో లెక్కేస్తే అలాంటివాళ్లు పదిహేడు మంది తేలారు. అందులో పదకొండు మంది అమ్మాయిలు.